ఓడ మల్లయ్య – బోడి మల్లయ్య

“ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య” అను సామెతను మనము పరుల కృతఘ్నతను ఎత్తిపొడుచుటకు వాడుదుము. మనలను మనము ఎత్తిపొడుచుకొనుటకు వాడుట అరుదు. నేడు మేము దాని నట్లే వాడదలచితిమి. సరిహద్దున తుపాకులు మ్రోగినప్పుడు సిపాయి మనకు దేవుడు. అవి చల్లారిన ఆరు మాసములకు అతడు రేషను దుకాణము ముందర వరుసలో నిలుచున్న ఒకానొక మనుష్యుడు. ఈ మార్పు ఎవరో దుర్మార్గులు చేసినది కాదు. చదువుకొన్న మనమే, పత్రికలు తిరుగవేయు మనమే, మన యిండ్లలో సుఖముగా కూర్చుండి చేయుచున్న పని యిది. ఈ వ్యాసమున మేము సేనాపతులను గూర్చి వ్రాయబోము. వారికి చరిత్రకారులు కలరు. పతకము లేక, పటము లేక, పదునైదిరువది యేండ్లు కొలువు చేసి, ఇనుపపెట్టె భుజమున వేసికొని ఊరు చేరు సామాన్యుని గూర్చియే మా మాట.

పూర్వపు కృష్ణా మండలపు మెట్టసీమలో, జగ్గయ్యపేటకు చేరువను, హైదరాబాదు–బెజవాడ రాజమార్గముపై గరికపాడు కలదు. 1948 వరకు ఈ చాయలను నైజాము రాజ్యపు టెల్ల యుండెను. ఆ యేటి సెప్టెంబరులో భారతసైన్యము బెజవాడనుండి సూర్యాపేటవైపునకు సాగినది ఈ సీమగుండనే. 1956లో ఆ యెల్ల చెరిగిపోయెను. 2014 జూన్ 2వ తేదీనుండి రెండు రాష్ట్రముల నడుమ మరల వెలసెను. 2020 మార్చి మాసాంతమున, మహమ్మారి దినములయందు, స్వగ్రామములకు మరలిపోవు జనులు ఇచ్చటి తనిఖీ కేంద్రముకడ గుంపులుగా నిలిచిపోయిరి. ఎల్ల యననేమో, దానిని కాచుట యననేమో ఈ ప్రాంతమువారికి వేరుగ బోధింప నక్కరలేదు.

ఈ సీమ కుఱ్ఱవాండ్రు సైన్యమునకు ఏల పోవుదురు? సాగరు ఎడమకాలువ చివరిభూములు ఇవి. నీరు వచ్చినయేడు వచ్చును, రానియేడు రాదు. పత్తియు మిరపయు ధర పలికిన యేడు అప్పు తీరును, పలుకనియేడు పెరుగును. ఇంటర్మీడియటు ముగించినవాడు వేకువజామున లేచి, లారీల వెలుగులో, బాట ప్రక్కను పరుగెత్తుచుండును. 1600 మీటర్లను అయిదున్నర నిమిషములలో ముగింపవలెనని వాని తపన. మా శిష్యులలో నిట్లు పరుగెత్తినవారు కలరు. వారిలో దేశభక్తి లేదనుట అబద్ధము. దేశభక్తి యొక్కటియే యనుటయు అబద్ధమే. అక్క పెండ్లి యప్పు, తండ్రి మోకాలి నొప్పి, ఊరిలో తలయెత్తుకొని తిరుగవలెనను కోరిక, జెండా చూచినప్పుడు గుండెలో కలుగు కదలిక, ఇవి యన్నియు కలిసి వానిని పరుగెత్తించుచున్నవి. మనుష్యుని యే మంచిపనియు ఇట్టి కలగలుపు కారణములతోనే జరుగును. ఉపాధ్యాయుడు జీతమునకై పాఠము చెప్పును. అంతమాత్రమున వాని విద్యాదానము దానము కాకపోదు.

ఇచ్చట మా ప్రతివాదులు లేతురు. “జీతమునకై పోయినాడు, జీతము పుచ్చుకొన్నాడు. ఇక ఋణమేమున్నది?” అని వా రడుగుదురు. ఇది ఏదో మోటుమనిషి యనుమాట కాదు; మెత్తని కుర్చీలలో, బాగుగ చదువుకొన్నవారి నోట మేము విన్నమాట. దీనికి మా సమాధానము. మన మందరమును జీతమునకే పని చేయుచున్నాము. కాని గుమాస్తాతో గాని, ఉపాధ్యాయునితో గాని, “నీవు రేపు ఉదయము ఈ బల్లకడ చావవలసియుండును, అందులకు సమ్మతియేనా?” అని యెవరును అడుగరు. ఇష్టము లేనినాడు మనము రాజీనామా పత్రము వ్రాసి యింటికి పోవచ్చును. గుండ్లు కురియుచుండగా సిపాయి రాజీనామా వ్రాయలేడు. వ్రాసిన శిక్ష కలదు. జీతము పనికి వెల. ప్రాణమునకు వెల కట్టిన వర్తకుడు ఇంతవరకు పుట్టలేదు.

ఈ మాట క్రొత్తది కాదు. భారతమున సభాపర్వమునందు నారదుడు ధర్మరాజును ప్రశ్నించుచు, నీకొఱకు చచ్చినవారి భార్యలను, నీకొఱకు కష్టమున బడినవారి కుటుంబములను పోషించుచున్నావా యని యడుగును. రాజ్యము చక్కగ నున్నదా లేదా యని తెలిసికొనుటకు ఋషి యడిగిన ప్రశ్నలలో నిది యొకటి. కౌటిల్యుడు మెత్తని మనసువాడని యెవరును అనలేదు. అట్టివాడును పనిలో చచ్చినవాని పుత్రులకు, భార్యకు గ్రాసమును వేతనమును ఇయ్యవలెననియు, వాని యింటి పిల్లలను ముసలివారిని రోగులను ఆదరింపవలెననియు విధించెను. కన్నడసీమలో యుద్ధమున కూలినవాని కుటుంబమునకు భూమి నిచ్చి దానికి “నెత్తరు కొడగి” యని పేరు పెట్టిరి. మన పల్నాట కారెంపూడిలో నేటికిని ఏటేట వీరుల యుత్సవము జరుగుచున్నది. పూర్వులు వీరగల్లు నిలిపినచోటనే మాన్యము కూడ నిచ్చిరి. మనము రాతిని నిలుపుట నేర్చుకొంటిమి, మాన్యము మరచితిమి.

పరప్రభుత్వపు దినములలో సిపాయికి జరిగిన యన్యాయమును మనము చక్కగ వర్ణింపగలము. మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమైన 1914లో భారతీయ సిపాయి నెలజీతము 11 రూపాయలు. ఆ యుద్ధమునకు సుమారు 13 లక్షలమంది భారతీయులు సముద్రము దాటిపోయిరి. సుమారు 74 వేలమంది మరలి రాలేదు. ఇరాకు దేశమున బాస్రాకడ 1929లో కట్టిన స్మారకమున తెల్లవారి పేరులును, భారతీయాధికారుల పేరులును చెక్కిరి. 30 వేలకు మించిన సామాన్య భారతసిపాయిలకు మాత్రము పేరులు లేవు. పటాలము పేరు క్రింద అంకెయొక్కటి వ్రాసి సరిపుచ్చిరి. తల్లి పెట్టిన పేరు రాతికి బరువైనది కాబోలు! ఆ స్మారకములను పాలించు సంఘము ఇట్టి భేదము చూపినందులకు 2021 ఏప్రిలులో క్షమాపణ చెప్పుకొనెను. చెప్పుకొనుటకు నూరేండ్లు పట్టినది.

తెలుగువాని గతి మరియు విచిత్రము. కుంఫిణీవారి తొలి యుద్ధములలో చెన్నపురి సిపాయి ముందుండెను. రాజ్యము స్థిరపడిన పిమ్మట, చెన్నపురి సేనకు తానే అధిపతిగా నుండిన రాబర్ట్సు ప్రభువు, దక్షిణాదివారు యుద్ధమునకు పనికిరారని తేల్చెను. వీరజాతులను సిద్ధాంతమొకటి పుట్టెను. మొదటి యుద్ధానంతరము పొదుపు పేరిట చెన్నపురి పటాలములు రద్దయ్యెను. రెండవ యుద్ధము రాగానే పనికిరానివారు మరల పనికివచ్చిరి. మదరాసు రెజిమెంటు మరల లేచెను. తాడేపల్లిగూడెము దాపున మాధవరమునకు “మిలిటరీ మాధవరము” అను పేరు ఊరక రాలేదు. ఏరు అడ్డమువచ్చినప్పుడెల్ల ఓడ మల్లయ్య గుర్తునకు వచ్చుచునే యున్నాడు.

“అది పరుల పాలన, ఇది మన పాలన” యని మురియుటకు ముందు ఒక్క విషయము తలపునకు దెచ్చుకొందము. ఆజాద్ హింద్ ఫౌజులో పోరాడినవారిని 1945 నవంబరున ఎఱ్ఱకోటలో విచారించినప్పుడు దేశమంతయు వారికై గొంతెత్తినది. స్వాతంత్ర్యము వచ్చినపిదప ఆ సామాన్య సిపాయిలను సైన్యమున మరల చేర్చుకొనలేదు. స్వాతంత్ర్యయోధుల పింఛను 1972 ఆగస్టున ప్రారంభమగువరకు వారిలో నెందరో ఏ యాదరువును లేక బ్రతికిరి. పాతికయేండ్లు ఒక మనుష్యుని పనిచేయు వయసంతయు గదా!

ఇక మన కాలము. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాను లోయలో ఇరువదిమంది భారతసైనికులు ప్రాణములు విడిచిరి. వారికి నాయకుడైన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవాడు. గరికపాటినుండి పోవు రాజమార్గముననే ఆ పట్టణము కలదు. ఆయన శవపేటిక వచ్చినప్పుడు ఆ మార్గమున జనులు పూలు చల్లి యేడ్చిరి. అది మనకు గౌరవము. తన సైనికులతో ముందు నిలిచి మరణించిన యా యధికారికి ఎంత చేసినను తక్కువయే. తెలంగాణ ప్రభుత్వము ఆయన కుటుంబమునకు 5 కోట్ల రూపాయలను, ఇంటిస్థలమును, భార్యకు ఉన్నతోద్యోగమును ఇచ్చినది. తక్కిన పందొమ్మండుగురి కుటుంబములకు తలకు 10 లక్షలు ప్రకటించినది. పొరుగు రాష్ట్రములవారిని కూడ తలచుకొన్న యా మర్యాదను మేము మెచ్చుకొనుచున్నాము. కాని మా తరగతిలో మే మొకప్పుడు అడిగితిమి: “ఆ పందొమ్మండుగురిలో ఒక్కని పేరు చెప్పుడు.” ఎవరును చెప్పలేకపోయిరి. తప్పు పిల్లలది కాదు. వారికి మనము చెప్పియుండలేదు. బాస్రా రాతిపై తెల్లవాడు చేసిన పనిని మన నాలుకపై మనము చేయుచున్నాము.

చచ్చినవాని మాట ఇట్లుండగా బ్రతికి వచ్చినవాని మాట యేమి? సామాన్య సిపాయి నలువది యేండ్లు నిండకమునుపే కొలువు చాలించి యింటికి వచ్చును. పదునైదేండ్లు చేసిన పింఛను కలదు. కాని అప్పుడే పిల్లల చదువు మొదలగును, తల్లిదండ్రుల రోగములు మొదలగును. మంచుకొండలలో ఫిరంగి నడిపినవానికి పట్టణమునందు దొరకునది బ్యాంకు తలుపుకడ బల్ల, లేకున్న డబ్బుల యంత్రము ముందర రాత్రి కావలి. ఆ పని నీచమని మే మనము. వానికి తెలిసిన విద్యలు, యంత్రములు బాగుచేయుట, తంతివార్తలు నడుపుట, మందిని క్రమములో నుంచుట, వీనిలో నొక్కటియు అడుగక, మీసమును చూచి కావలికి పెట్టుకొనుట మన మూఢత్వము.

ఊరిలో వాని కేమి మర్యాద జరుగుచున్నది? ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది, అయినను వ్రాయక తప్పదు. సెలవుపై వచ్చిన జవానును బంధువులు అడుగు మొదటి ప్రశ్న, “క్యాంటీను మందు తెచ్చితివా?” అని. కొలువు చాలించి వచ్చినవాని యింటికి పెద్దమనుష్యులు పోవుట ఆ సీసాకొఱకే. పెండ్లికి సీసా, పంచాయతీ యెన్నికకు సీసా. వాడు ఏ కొండపై ఎన్ని శీతకాలములు గడపెనో, ఎవనిని తన చేతులతో మోసి తెచ్చెనో, ఆ మోసినవాడు దారిలో బ్రతికెనో చచ్చెనో అడుగువాడు లేడు. రాత్రి నిద్రపట్టక వాడు వాకిట తిరుగుచుండ ఇంటివారు “పట్టాళము బుద్ధి” యందురు. యుద్ధము మనసునకు చేయు గాయమును వైద్యులు 1915నుండియు గుర్తించి పేరు పెట్టియున్నారు. మన యిండ్లలో దానికి నేటికిని “తిక్క” యనియే పేరు. ఆ గాయమునకు మందుగా వాడు త్రాగిన, త్రాగుబోతని మనమే తీర్పు చెప్పుదుము. మొన్న సీసా అడిగినవారును, నేడు తీర్పు చెప్పువారును ఒక్కరే!

ప్రభుత్వమిచ్చు భూమి సంగతి వేరొకటి. మాజీ సైనికునకు పట్టా యిచ్చి, పదేండ్లు గడచినపిదప అమ్ముకొనవచ్చునని నిబంధన యున్నను, ఆ సర్వేనంబరు “22-ఏ” నిషేధపు పట్టికలో చిక్కుకొని, కూతురి పెండ్లికి అమ్మబోయినవాడు నిరభ్యంతర పత్రమునకై యేండ్లకొలది తిరుగవలసి వచ్చుచున్నది. మే మెరిగిన యొక మాజీ సిపాయి, “పంతులుగారూ, శత్రువు ఎదుటనుండి కాల్చును, ఎక్కడనుండి వచ్చునో తెలియును, ఈ కాగితము ఎక్కడ నిలిచినదో దేవునికి కూడ తెలియదు” అనెను.

ఇప్పుడు స్త్రీల మాట. మన పత్రిక చదువు గృహిణులు దీనిని శ్రద్ధగ చదువవలెనని మా ప్రార్థన. మరణించిన సైనికుని భార్యకు “వీరపత్ని” యని బిరుదిచ్చి వేదిక నెక్కింతుము. వేదిక దిగగానే గాజులు పగులగొట్టింతుము. ఇరువదినాలుగేండ్ల పడుచు జీవితాంతము ఆ పటము ముందర దీపము పెట్టుచు కూర్చుండవలెనని కోరుదుము. వచ్చిన ధనము మామగారి చేతికా, తండ్రి చేతికా యని రెండు కుటుంబములు పోరాడును. ఆమె చేతికి రావలెనని తలచువారు కొందరే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించి నూటనలువది యేండ్లు దాటినవి. అయినను శౌర్యపతకములతో వచ్చు నెలభత్యమును గూర్చిన ప్రభుత్వ నిబంధన యేమి చెప్పుచుండెనో వినుడు: వీరుని భార్య మరల పెండ్లాడిన ఆ భత్యము నిలిచిపోవును, భర్త సోదరుని పెండ్లాడినచో మాత్రము నిలువదు! ఆమె మనసు ఎవరిపై నున్నదను ప్రశ్నకు చోటు లేదు. ఇంటిసొత్తు ఇంటిలోనే యుండవలెనను పాతలెక్కయే చట్టమై కూర్చుండెను. ఈ నిబంధన 2017 నవంబరులో గాని తొలగలేదు. చట్టమునుండి తొలగినది సరే, మన లోగిళ్లనుండి తొలగినదా? ఆమె మరల పెండ్లాడుట వీరునకు అవమానమని గుసగుసలాడు నోళ్లు మూతబడినవా? భార్యాబిడ్డలు ముండ్లపై నడువవలెనని కోరి యే సిపాయియు చావలేదు.

2022 జూన్ 14వ తేదీన కేంద్రప్రభుత్వము అగ్నిపథమను క్రొత్త పద్ధతిని ప్రకటించెను. చేరినవాడు నాలుగేండ్లు కొలువు చేయును. నూటికి ఇరువదియైదుగురికి మించకుండ నిలుపుకొందురు. తక్కినవారు ఇంటికి పోవలెను. పోవునప్పుడు సుమారు 11 లక్షల 71 వేల రూపాయల నిధి యిత్తురు. అందు సగము వాని జీతమునుండి పట్టినదే. పింఛను లేదు. కొలువులో మరణించిన 48 లక్షల బీమాయు, విధి నిర్వహణలో మరణించిన అదనముగా 44 లక్షలును కుటుంబమునకు వచ్చును. నెలనెల కుటుంబ పింఛను రాదు. ప్రకటించిన మూడవనాడు, జూన్ 17న, సికింద్రాబాదు రైలుస్టేషనులో అలజడి చెలరేగి, కాల్పులలో ఒక యువకుడు మరణించెను. రైళ్లు తగులబెట్టుటను మేము సమర్థింపము. సైన్యమునకై యేండ్లతరబడి పరుగెత్తిన కుఱ్ఱవాడు దానిలో చేరకమునుపే ప్లాటుఫారముపై కూలుటను మరువను మరువము.

ఈ పద్ధతిని సమర్థించువారి వాదము తేలికది కాదు. పింఛనుల భారము పెరిగి ఆయుధములకు ధనము చాలకున్నది, యువసైన్యము కావలెను, పెద్దమొత్తము చేతికి వచ్చును గదా, దానితో జీవనోపాధి చూచుకొనవచ్చును. ఈ మాటలలో సత్యమున్నది. కాని మా ప్రశ్నలు రెండు. మొదటిది: పొదుపు అవసరమైనచో అది అట్టడుగుమెట్టునుండియే యేల మొదలుకావలెను? ఈ పద్ధతి అధికారులకు వర్తింపదు, సిపాయిలకే వర్తించును. రెండవది: మెట్టసీమ రైతు యింటిలో ఒక్కమారుగ వచ్చిన సొమ్ము ఎన్నాళ్లు నిలుచును? అప్పులవాడు ముందు, పెండ్లి వెనుక, బోరుబావి పిమ్మట. మూడేండ్లకు మూట ఖాళీ. నెలనెల వచ్చు చిన్న పింఛను ముసలితల్లికి మందు, పిల్లవానికి బడిజీతము. 2025 మే మాసమున సరిహద్దు కాల్పులలో అమరుడైన మురళీ నాయక్ గోరంట్ల మండలమున కళ్లితండావాడు, అగ్నివీరుడు. శత్రువు గుండు వానికిని పూర్తికాలపు సిపాయికిని భేదము చూపలేదు. మృత్యువు చూపని భేదమును ప్రభుత్వపు లెక్క చూపుట న్యాయము కాదు. యుద్ధమున మరణించిన, అవయవము కోల్పోయిన ప్రతివానికి, వాని కొలువు ఎన్ని దినములదైనను, సమానమైన పింఛను ఉండవలెను. ఇది దయ గాదు; నారదుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నకు జవాబు.

తొలి జట్టులవారు 2022 డిసెంబరున, 2023 జనవరిని శిక్షణకు చేరిరి. వారి గడువు 2026 చివరను, 2027 మొదటను నిండును. పాతికయేండ్ల లోపుననే మాజీలైన యువకులు వేలకొలది ఊళ్లకు వత్తురు. వారికి పని చూపవలసినది ప్రభుత్వ మొక్కటియేనా? మిల్లుల యజమానులు, సిమెంటు కర్మాగారములవారు, బడుల నడుపువారు ఈ సంగతిని ముందుగ ఆలోచింపవలదా?

మరి కొందరు, “సిపాయిని ఇంత పొగడుట యుద్ధమును పొగడుటయే” యందురు. కాదు. యుద్ధమును చౌకగ కోరువారు సిపాయి నెరుగనివారే. దూరదర్శని ముందర కూర్చుండి “కొట్టుడు, కొట్టుడు” అని కేకలు వేయువాని కుమారుడు సామాన్యముగ అమెరికాలో నుండును. స్త్రీపర్వమును తిక్కన తెలుగువారి కిచ్చినది యుద్ధపు జమాఖర్చులలో ఖర్చువైపు కూడ చదువుకొనుమని. ఆంగ్లేయులు ఈ పాఠమును కష్టపడి నేర్చిరి: 1854లో బాలాక్లావాకడ అశ్వికదళము చేసిన దాడిని టెన్నిసను పాడగా దేశమంతయు వల్లించెను, ఆ దళమున మిగిలినవారు దారిద్ర్యమున మ్రగ్గుచున్నారని 1890లో కిప్లింగు ఎత్తిపొడిచి వ్రాయవలసి వచ్చెను. సిపాయికి నిజముగా చెల్లింపవలసిన ఋణమును జాతి యేటేట చెల్లించుచున్నచో, క్రొత్తయప్పు చేయుటకు ముందు రెండుమార్లు ఆలోచించును.

చదువరులారా, డిసెంబరు 7వ తేదీ పతాకదినము. 1949నుండి జరుగుచున్నది. ఆనాడు పిల్లలు తెచ్చిన చిన్న జెండాకు నాణెము వేసి చొక్కాకు గ్రుచ్చుకొని ఋణవిముక్తుల మైతిమనుకొనుట మన వాడుక. ఇకమీద దానితోపాటు కొన్ని పనులు చేయుదము. మీ వీథిలో కొలువు చాలించిన సిపాయి యున్న, సీసా అడుగుటకు గాక, వానిని పిల్లలకు తన కథ చెప్పుమని పిలుచుటకు వాని యింటికి పోవుడు. మీరు యజమానులైన, వానికి ఏ పని వచ్చునో అడిగి ఆ పని యిండు. కార్యాలయమున నున్నవారైన, వాని కాగితము మీ బల్లపై ఒక్కరోజుకంటె ఎక్కువ నిలువనీయకుడు. మీ యింటిలో వితంతువైన సైనికుని భార్య యున్న, వచ్చిన ధనమును ఆమె పేర బ్యాంకులో నుంచుడు. ఆమెకు చదువుకొనవలెనన్న చదువును, పెండ్లాడవలెనన్న పెండ్లిని అడ్డగింపకుడు. ఉపాధ్యాయులమైన మేము మా వంతుగా గల్వానులో కూలిన ఇరువదిమంది పేరులను తరగతిగోడపై వ్రాయించి, అధికారి పేరుతో సమానమైన అక్షరములలో సిపాయిల పేరులుండునట్లు చూతుము. పిల్లలు వానిని నోటికి వచ్చువరకు చదువుదురు.